సంఘం ముందున్న దారి వెతకడానికి ఒక టీమ్‌ని పిలిచాం, ఆరు నెలల తర్వాత నా రివ్యూ

అందరికీ వందనాలు. మా సంఘం ఒక బయటి టీమ్‌ని పిలిచి ఆరు నెలల పాటు వాళ్లతో కూర్చుంది. ఇక మీదట మనం ఎలా ఉండాలి, ఏం ఆపాలి, ఏం మొదలుపెట్టాలి, అసలు దేవుడు మనల్ని ఏం అడుగుతున్నాడు అని ప్రార్థన చేసుకుంటూ ఆలోచించాం. ఇలాంటి సర్వీస్ ఒకటుందని చాలా సంఘాలకి తెలీదు, తెలిసినా మన ఇంటి సంగతి బయటోళ్లకి ఎందుకు అని ఆగిపోతారు, మేమూ ఏడాది పైగా అలాగే ఆగాం. నేను కమిటీలో ఉన్నా కాబట్టి మొదటి మీటింగ్ నుంచి చివరిదాకా అన్నిటికీ వెళ్లాను, నోట్స్ రాసుకున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. 5 స్టార్లకి 4 ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

మా పరిస్థితి చాలా సంఘాల పరిస్థితే. 2020లో తలుపులు మూసినప్పుడు ఆరాధన ఫోన్‌లోకి వెళ్లింది, మళ్లీ తెరిచాక అందరూ తిరిగి రాలేదు, కొందరు ఫోన్ దగ్గరే ఉండిపోయారు, కొందరు ఎటు వెళ్లారో తెలీదు. పిల్లలు చదువులకని ఉద్యోగాలకని దూరం వెళ్లిపోయారు. సండే స్కూల్‌లో మూడు క్లాసులు కలిపి ఒకటి చేశాం, క్వయర్‌లో మగ గొంతులు రెండే మిగిలాయి, పాస్టర్ గారు ఒక్కరే ప్రసంగం, విజిటింగ్, అకౌంట్లు, లైవ్ లింక్ అన్నీ చూసుకుంటూ బాగా అలిసిపోయారు. కమిటీ ఎప్పుడు కూర్చున్నా అవే మాటలు, మంచి కెమెరా కొందాం, యూత్‌కి డ్రమ్స్ పెట్టిద్దాం, ఉజ్జీవ సభలు పెడదాం అని. వాటిలో తప్పేం లేదు, అన్నీ మంచి మనసుతో అన్నవే. కానీ ఇంకో పదేళ్లకి ఈ తలుపు ఎవరు తెరుస్తారు అనే ప్రశ్న మాత్రం ఎవ్వరూ నోటితో అనలేదు, అందరి మనసులో అదే ఉండేది.

టీమ్ నుంచి ఇద్దరొచ్చారు, ఒకావిడ, ఒకాయన. మొదటి రోజే మా సెక్రటరీ గారు మాకు ఐదేళ్ల ప్లాన్ కావాలండీ అని అడిగారు. ఆవిడ చాలా నెమ్మదిగా, ఐదో నెల వరకు ప్లాన్ అనే మాట వద్దండీ, ముందు విందాం అన్నారు. మాలో ఒకాయనకి కోపం వచ్చింది, రెండు మీటింగుల్లో తేలిపోయేదానికి ఆరు నెలలా అని. అప్పుడు ఆవిడ సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ఎలా పుట్టిందో గుర్తుచేశారు. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో వేర్వేరు సంఘాల సేవకులు కూర్చుని మనం విడివిడిగా ఉండకూడదు అనుకున్నారు, దాంట్లో దోర్నకల్ బిషప్ అజరయ్య గారు ముఖ్యులు, ఆ మాట నెరవేరి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది మాత్రం 1947 సెప్టెంబర్ 27న. మధ్యలో 28 ఏళ్లు. అజరయ్య గారు అది చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. వాళ్లు 28 ఏళ్లు ఓపిక పట్టారు, మనం ఆరు నెలలు పట్టలేమా అన్నారు ఆవిడ, ఎవరం మాట్లాడలేదు.

నాకు ఈ ఆరు నెలల్లో అన్నిటికన్నా గట్టిగా తగిలింది రెండో నెలలో జరిగిన రిజిస్టర్ రోజు. సంఘం రిజిస్టర్లు అన్నీ బల్ల మీద పెట్టమన్నారు. నేను అనుకున్నా, హాజరు లెక్కలు తీసి గ్రాఫ్ గీస్తారేమో, ఇంత శాతం పడిపోయారు అని చూపిస్తారేమో అని. గ్రాఫ్ లేదు ఏం లేదు, ఒక పాత రిజిస్టర్ తెరిచి, ఒక్కో పేరు పైకి చదవండి అన్నారు. మా పెద్దాయన ఒకరు కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. ఒక పేజీలో ఒకే ఇంటివాళ్లు ఐదుగురు, తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు, నీలం సిరాతో గుండ్రటి చేతిరాత. పెద్దమ్మాయి పేరు పక్కన పెళ్లయి వెళ్లింది అని ఎర్ర సిరాతో, అబ్బాయి పక్కన వేరే ఊరు అని, చిన్నమ్మాయి పక్కన ఏమీ రాయలేదు ఊరికే గీత కొట్టారు, తండ్రి పక్కన ప్రభువునందు నిద్రించారు అని తేదీ. తల్లి పేరు ఒక్కటే గీత లేకుండా మిగిలింది. పెద్దాయన వేలు ఆ పేరు దగ్గర ఆగిపోయింది, ఇక చదవలేకపోయారు. ఆ చిన్నమ్మాయి ఎక్కడుంది అని ఎవరో అడిగారు, ఒక్కరికీ తెలీదు. మా సండే స్కూల్‌లో వాక్యాలు కంఠతా చెప్పి బహుమతి తీసుకున్న పిల్ల.

టీమ్ వాళ్లు ఏమీ అనలేదు, ఓదార్చలేదు, టాపిక్ మార్చలేదు, చాలాసేపు అలా ఉండనిచ్చారు. తర్వాత ప్రార్థన చేసుకున్నాం, ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. మేం పోగొట్టుకున్నదాని గురించి ఎప్పుడూ ఏడవకుండానే ప్లాన్లు వేస్తున్నాం అని నాకు ఆ రోజే అర్థమైంది. ఏడవాల్సింది ఏడవనంతసేపు ఏ ప్లాన్ వేసినా అది పోయినవాళ్లని వెనక్కి తెచ్చే ప్లానే అవుతుంది, కొత్తగా వచ్చేవాళ్ల కోసం అవ్వదు.

ఆ వారం చదవమని ఇచ్చింది యిర్మీయా 28, 29 అధ్యాయాలు. 29 మనకి బాగా తెలుసు, బబులోనుకి చెరగా వెళ్లినవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని. నేను దాన్ని 28తో కలిపి ఎప్పుడూ చదవలేదు. 28లో హనన్యా అనే అబద్ధ ప్రవక్త నిలబడి రెండేళ్లలో అన్నీ వెనక్కి వచ్చేస్తాయి అంటాడు, జనానికి వినడానికి ఎంత బావుంటుందో. యిర్మీయా మాత్రం 70 ఏళ్లు అంటాడు. మా కమిటీలో మేం ఇన్నాళ్లూ ఒకరికొకరం చెప్పుకున్నది హనన్యా మాటే కదా, మళ్లీ ముందులా అయిపోతుంది అని. ఇది ఎవరో ప్రసంగంలో తిడితే తీసుకునేవాళ్లం కాదు, మా అంతట మేం చదివి తెలుసుకున్నాం కాబట్టి లోపలికి దిగింది.

ఇక కూర్చుని మాట్లాడుకునే పద్ధతి. ఆరేడుగురు ఒక గుండ్రటి బల్ల చుట్టూ. మొదటి రౌండ్‌లో ఒక్కొక్కరు రెండు మూడు నిమిషాలు, ఇంకొకరు మధ్యలో మాట్లాడకూడదు, జవాబివ్వకూడదు. తర్వాత మౌనం. రెండో రౌండ్‌లో నీ మాట కాదు, పక్కవాళ్లు చెప్పినదాంట్లో నిన్ను తాకింది చెప్పాలి. మళ్లీ మౌనం. మూడో రౌండ్‌లో మన మధ్య ఏం మొలకెత్తుతోంది అని కలిసి చూడాలి. కాథలిక్ సంఘంలో 2021 నుంచి 2024 దాకా పోప్ ఫ్రాన్సిస్ గారు నడిపించిన, సంఘమంతా కలిసి సంప్రదించుకునే సినడ్‌లో ఇదే పద్ధతి, బిషప్పులు, సిస్టర్లు, మామూలు విశ్వాసులు అందరూ గుండ్రటి బల్లల చుట్టూ ఇలాగే కూర్చున్నారు. మాది కాథలిక్ సంఘం కాదు, కొందరు ముందు ముఖం చిట్లించారు కూడా, అప్పుడు పాస్టర్ గారు అపొస్తలుల కార్యములు 15 చదివి వినిపించారు, యెరూషలేములో అంత తర్కం జరిగాక సమూహమంతా ఊరుకుని బర్నబా, పౌలు చెప్పింది విన్నారు అని ఉంది చూడండి అన్నారు. ఆ ఊరుకోవడమే మనకి రావట్లేదు అన్నారు. నిజమే, మన మీటింగుల్లో పక్కవాడు మాట్లాడుతుంటే మనం వినం, మన వంతుకి ఏం చెప్పాలో రెడీ చేసుకుంటుంటాం.

మా బల్ల దగ్గర వెనక బెంచీలో కూర్చునే ఒక పెద్దావిడ ఉన్నారు, నేను పుట్టకముందు నుంచి సంఘంలో ఉన్నారు, మీటింగుల్లో ఆవిడ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ వంతు వచ్చినప్పుడు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అన్నారు, "మీరంతా జనం తగ్గిపోయారని బాధపడుతున్నారు బాబూ. నేను రెండు నెలలు మంచం మీద ఉన్నాను. ప్రతి ఆదివారం ఫోన్‌లో ఆరాధన చూశాను, మనవరాలు పెట్టిచ్చేది. మీ అందరికీ నేను చూస్తున్నట్టు తెలుసు. అందుకే ఎవరూ రాలేదు." అంతే, ఇంకేం అనలేదు. కోపం కూడా లేదు గొంతులో.

తర్వాత మౌనం మూడు నిమిషాలే, నాకు ఎంతసేపో అనిపించింది. ఎందుకంటే లైవ్ లింక్ చూసుకునే టీమ్‌లో నేనున్నాను. స్క్రీన్ మీద చూస్తున్నవాళ్ల నంబర్ కనబడితే ఎంతమంది జాయినయ్యారో అని సంతోషపడేవాణ్ణి. ఆ నంబర్‌లో ఈవిడ ఒకరు. లైవ్ పెట్టడం తప్పు అని ఇప్పటికీ అనను, మంచం మీద ఉన్నవాళ్లకి అది పెద్ద ఆదరణ, కానీ అది పెట్టాక మేం విజిటింగ్ మానేశాం, మానేసినట్టు మాకే తెలీలేదు. రెండో రౌండ్‌లో ఆరుగురిలో ఐదుగురం ఆవిడ మాటే చెప్పాం.

మూడో నెలలో ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాల్లో ఏడు సంఘాలకి రాసిన ఉత్తరాలు చదివి, వీటిలో మనకి ఏది వచ్చుండేది అని రాయమన్నారు. చాలామంది లవొదికయ అని రాశాం, నులివెచ్చగా ఉన్నాం అని. నేనూ అదే రాశా, వినయంగా ఉన్నట్టు అనిపించింది కూడా. ఒకమ్మాయి, ఇంటర్ చదువుతోంది, ఫిలదెల్ఫియ అంది. నీ శక్తి కొంచెమే అని ఉంది కదా, అది మనమే కదా, కానీ ఆ ఉత్తరంలో తిట్టు ఒక్కటీ లేదు, తలుపు తీసి ఉంచాను అని ఉంది, మనం చిన్నగా ఉండటమే తప్పని అందరూ ఎందుకు అనుకుంటున్నారు అని అడిగింది. ఏడు ఉత్తరాల్లో గద్దింపు లేనివి స్ముర్నకి రాసింది, ఫిలదెల్ఫియకి రాసింది, ఈ రెండే. రెండూ బలం లేని సంఘాలే. ఇన్నేళ్లుగా చదువుతున్నా నాకు తట్టలేదు.

ఆ రోజే ప్రపంచ లెక్క ఒకటి చూపించారు, 1910లో ప్రపంచంలోని క్రైస్తవుల్లో 80 శాతం పైగా యూరప్, ఉత్తర అమెరికా వైపు దేశాల్లో ఉండేవాళ్లు, 2010కి 60 శాతం పైగా ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఉన్నారు. నూరేళ్లలో ఎంత మారిపోయిందో చూడండి. ఒకచోట బెంచీలు ఖాళీ అవుతుంటే ఇంకోచోట చెట్టు కింద కూర్చునేవాళ్లు పెరిగారు. అయినా లెక్కలు వినేటప్పుడు కంటే ఆ అమ్మాయి మాట విన్నప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

నాలుగో నెలలో అసలు ప్రశ్న బయటికొచ్చింది. మా చుట్టుపక్కల వేరే భాష మాట్లాడే విశ్వాసులు చాలా కుటుంబాలు వచ్చి ఉంటున్నారు, వాళ్లకి కూడుకునే చోటు లేదు, ఒక ఇంట్లో ఇరుకుగా కూడుకుంటున్నారు. మా రెండో ఆరాధనకి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాన్ని ఆపేసి ఆ టైమ్ వాళ్లకి ఇద్దామా? ఈ మాట మామూలు కమిటీలో వస్తే అరగంటలో గొడవైపోయేది. టీమ్ వాళ్లు పెట్టిన పద్ధతి ఏంటంటే, ఒక వారం అందరూ వద్దు అనడానికి కారణాలు మాత్రమే చెప్పాలి, తర్వాతి వారం అందరూ కావాలి అనడానికి కారణాలు మాత్రమే చెప్పాలి. 1539లో ఇగ్నేషియస్ లొయోలా, ఆయన స్నేహితులు రోమ్‌లో మనలో ఒకరిని పెద్దగా పెట్టుకుని ఆయనకి లోబడతామని మాట ఇవ్వాలా వద్దా అని తేల్చుకోడానికి ఇలాగే చేశారట, ఒక రోజు అందరూ కష్టాలే చెప్పడం, మర్నాడు అందరూ లాభాలే చెప్పడం, మధ్యలో ఎవరికి వారు ప్రార్థన. జెస్యూట్ అనే కాథలిక్ గురువుల సభ అలా మొదలైంది, 1540లో పోప్ ఆమోదించారు.

దీంట్లో ఉన్న మేలు మేం చేసి చూశాకే తెలిసింది. రెండు పార్టీలుగా చీలే వీలుండదు, ఎందుకంటే ఆ రోజు అందరిదీ ఒకే పక్క. వద్దు అనే వారంలో, కావాలని గట్టిగా కోరుకున్న నేనే లేచి రెండో ఆరాధనకి వచ్చే ఆ కొద్దిమందిలో నైట్ డ్యూటీ చేసి వచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లకి పొద్దున ఆరాధన కుదరదు అని చెప్పాల్సి వచ్చింది. చెప్పేదాకా వాళ్ల గురించి నేను ఆలోచించలేదు. కావాలి అనే వారంలో, గట్టిగా వ్యతిరేకించిన పెద్దాయన, రిజిస్టర్ చదివినాయనే, చాలాసేపు తల వంచుకుని, "మా నాన్న ఈ గుడి కట్టేటప్పుడు రాళ్లు మోశాడు, అప్పుడు మాకూ చోటు లేదు, ఎవరిదో వరండాలో పాడుకునేవాళ్లం" అన్నారు.

తీర్మానం రోజు ఓటింగ్ లేదు. రంగు కార్డులు ఇచ్చారు, ఆరెంజ్ ఎత్తితే నా మనసు దీనివైపు ఉంది అని, బ్లూ ఎత్తితే నాకు ఇంకా కుదరట్లేదు అని. వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, అంటే ప్రపంచంలోని చాలా సంఘాల ఉమ్మడి వేదిక, 2006లో బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో జరిగిన మహాసభలో ఈ కార్డులు వాడింది. బ్లూ ఎత్తినవాళ్లని ముందు వినాలి, వాళ్లు చెప్పింది తీర్మానంలోకి తీసుకోవాలి, అయినా ఒప్పుకోలేనివాళ్లు నేను ఏకీభవించను కానీ అడ్డు పడను అని చెప్పొచ్చు, అది మినిట్స్‌లో రాయాలి. మూడుసార్లు తీర్మానం మార్చాం. నైట్ డ్యూటీ వాళ్ల కోసం వారం మధ్యలో సాయంత్రం ఒక ఆరాధన కలిపాం, లైవ్ చూసే ప్రతి ఇంటికీ నెలకొకసారి ఎవరో ఒకరు వెళ్లాలని రాసుకున్నాం, మొత్తం ఒక ఏడాది చూసి మళ్లీ కూర్చోవాలని పెట్టాం. చివరికి ఒక్క బ్లూ కార్డు మిగిలింది, పెద్దాయనదే. నా మనసు ఒప్పట్లేదు, అడ్డు మాత్రం పడను, రాసుకోండి అన్నారు. రాశాం, ఆయన కారణాలతో సహా. పాత పద్ధతిలో అయితే ఆయన ఓడిపోయి ఇంటికెళ్లి మళ్లీ వచ్చేవారు కాదు. అపొస్తలుల కార్యములు 15లో తీర్మానం అయ్యాక అదే అధ్యాయం చివర్లో పౌలు, బర్నబా మార్కు అనే సహచరుణ్ణి వెంట తీసుకెళ్లాలా వద్దా అనే విషయంలో వేరైపోయారు, కాబట్టి పద్ధతి మంచిదైతే అందరూ ఒకటైపోతారు అని నేను చెప్పను. పెద్దాయన ఆదివారాలు వస్తున్నారు, నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.

ఇప్పుడు తగ్గించిన స్టార్ సంగతి. ఒకటి, మొదట్లో పెట్టిన ఆన్‌లైన్ సర్వే. చాలా పొడుగు, ప్రశ్నలు ఇంగ్లీష్‌లోంచి తెచ్చినట్టు ఉన్నాయి, మీ సంఘపు విలువల సమన్వయాన్ని ఎలా అంచనా వేస్తారు అంటే మా అమ్మ నా వైపు చూసింది. ఫోన్ వాడని పెద్దవాళ్లు అసలు నింపలేదు, తీరా చూస్తే ఎవరిని వినాలో వాళ్లే లేరు. మేం గొడవ చేశాక ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకున్నారు, అది బాగా జరిగింది, కానీ మొదటే చెయ్యాల్సిన పని. రెండు, చివర్లో ఇచ్చిన రిపోర్టు. కూర్చున్నప్పుడు అంత సూటిగా మాట్లాడిన మనుషులు కాగితం మీదకి వచ్చేసరికి గ్రాంథికం రాశారు, దాన్ని మేం మామూలు భాషలో రెండు పేజీలుగా మళ్లీ రాసుకుని చదివించాం. మూడు, ఇదే పెద్దది, దూరంగా ఉంటున్న మా యవనస్థుల కోసం ఒకే ఒక జూమ్ మీటింగ్ పెట్టారు, అదీ వాళ్ల ఆఫీస్ టైమ్‌లో. నలుగురు వచ్చారు. వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో వినకుండా మా విచారణ సగమే అయింది అని నా అభిప్రాయం. ఆ రిజిస్టర్‌లో గీత కొట్టిన చిన్నమ్మాయి లాంటివాళ్లని వెతకడానికి వాళ్ల దగ్గర ఏ పద్ధతీ లేదు. అడిగితే ఒప్పుకున్నారు, అది మాకు మర్యాదగా అనిపించింది, అయినా లోటు లోటే.

ఎవరికి పనికొస్తుంది అంటే, నిజంగా ఏం చెయ్యాలో తెలీక దేవుని చిత్తం కోసం వెతుకుతున్న సంఘానికి. కమిటీ ముందే నిర్ణయం తీసేసుకుని సంఘం మీద ముద్ర వేయించుకోడానికైతే పిలవొద్దు, జనానికి రెండో మీటింగ్‌లోనే తెలిసిపోతుంది, తర్వాత ఇంకెప్పుడూ నమ్మరు. సంఘంలో గొడవ కోర్టు దాకా వెళ్లి ఉంటే కూడా ఇది సరిపోదు, ముందు రాజీ పని వేరే ఉంటుంది. పాస్టర్ గారికి ఇష్టం లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. మా పాస్టర్ గారు మొదటి రోజే నేను కూడా మీలో ఒకడిగా కూర్చుంటాను, నాకూ రెండు నిమిషాలే అన్నారు, నిజంగా అలాగే కూర్చున్నారు, ఈ ఆరు నెలలు నిలబడింది దాని వల్లే.

పిలిచేముందు టీమ్‌ని మూడు అడగండి. పెద్దవాళ్లని ఇంటికెళ్లి వింటారా, వెళ్లిపోయినవాళ్లతో ఎలా మాట్లాడతారు, అయిపోయాక మళ్లీ వస్తారా. మాకు ఏడాది తర్వాత ఒక రోజు వచ్చి కూర్చుంటామని రాసిచ్చారు. అప్పటికి ఏది నిలిచిందో ఏది పోయిందో ఇక్కడే అప్‌డేట్ చేస్తా. ప్రస్తుతానికి సాయంత్రం ఆరాధన నడుస్తోంది, కొత్తవాళ్లు వాళ్ల భాషలో పాడుకుంటున్నారు, సండే స్కూల్‌కి రెండో టీచర్ ఇంకా దొరకలేదు. చిన్నమ్మాయి అడ్రస్ కోసం వాళ్లమ్మ గారిని కలవాలి, గీత లేకుండా మిగిలిన పేరు ఆవిడదే, ఈ నెల విజిటింగ్‌లో ఆ ఇల్లు నేనే అడిగి తీసుకున్నా.